మణికట్టు విరిగితే లాగి కూర్చోబెట్టడం: లిగమెంట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తడి మెట్ల మీద జారడం, బాత్‌రూమ్ గచ్చు మీద పడటం, వానకి బండి స్కిడ్ అవడం. హైదరాబాద్‌లో ఏ ఆర్థో ఓపీకి వెళ్లినా ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. ప్లాస్టర్ రూమ్ గుమ్మం దగ్గర వాళ్ల ఇంటివాళ్లు అడిగేవి, నైట్ డ్యూటీలో హౌస్‌సర్జన్లు అడిగేవి, ఫిజియోథెరపీ విద్యార్థులు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. విరిగిన ఎముకని లాగినప్పుడు ఆ బలం ముక్కకి చేరేది లిగమెంట్ల గుండానే అన్న సంగతి తెలిస్తే వీటిలో సగం సందేహాలు తీరతాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## విరిగిన రోజు

మణికట్టు విరిగిందన్నారు. అసలు ఏ ఎముక విరిగినట్టు?

పదిమందిలో తొమ్మిదిమందికి అర్థం ఒకటే: ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక, మణికట్టుకి ఒకటి రెండు అంగుళాల లోపు విరిగింది. అరచెయ్యి చాపి పడినప్పుడు కింది ముక్క వెనక్కి తిరిగి, పొట్టిగా నొక్కుకుపోతుంది. పక్కనుంచి చూస్తే చెయ్యి బోర్లించిన ఫోర్కులా వంగి ఉంటుంది. 1814లో డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ దీన్ని వర్ణించాడు. ఎక్స్‌రే యంత్రం రావడానికి ఎనభై ఏళ్ల ముందు, చేత్తో తడిమి చూసి చెప్పిన సంగతి అది. ఇప్పటికీ కేస్ షీటు మీద ‘కాలిస్ ఫ్రాక్చర్’ అనే రాస్తారు.

విరిగింది ఎముక కదా, మధ్యలో లిగమెంట్లు ఎందుకొచ్చాయి?

విరిగిన కింది ముక్క సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది. దాన్ని నేరుగా పట్టుకుని లాగే వీలు లేదు. మనం పట్టుకోగలిగేది వేళ్లని. వేళ్లు లాగితే అరచేతి ఎముకలు కదులుతాయి, వాటి వెనక మణికట్టులోని చిన్న ఎముకలు కదులుతాయి, వాటిని రేడియస్‌కి కట్టి ఉంచిన లిగమెంట్లు బిగుసుకుంటాయి, చివరికి ముక్క కదులుతుంది. బావిలో చేదని తాడుతో లాగినట్టే. లిగమెంట్ల బిగువుతో ముక్కల్ని సర్దే ఈ పద్ధతికి లిగమెంటోటాక్సిస్ అని పేరు. 1970లలో ఫ్రెంచ్ సర్జన్ జాక్ విడాల్ బృందం ఆ మాటని వాడుకలోకి తెచ్చింది. తాడు కట్టి లేని చేద పైకి రాదు. ఈ చికిత్సకి ఉన్న బలమూ హద్దూ రెండూ అదే.

లిగమెంటు, టెండన్, నరం మూడూ ఒకటేనా?

మన ఇళ్లలో మూడింటినీ ‘నరం’ అనే అంటాం, గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. లిగమెంటు ఎముకని ఎముకకి కట్టే పట్టీ. టెండన్ కండని ఎముకకి కలిపే తాడు. పిడికిలి బిగిస్తే ముంజేతి లోపలి వైపు తేలి కనిపించేవి ఇవే. నరం స్పర్శనీ ఆదేశాన్నీ మోసే తీగ. మణికట్టుని లాగినప్పుడు మూడూ సాగుతాయి. లిగమెంటు సాగితే ముక్క సర్దుకుంటుంది, టెండన్ ఎక్కువ సాగితే వేళ్లు ముడుచుకోవు, నరం సాగితే తిమ్మిరి వస్తుంది. డాక్టరు ‘నరం నలిగింది’ అంటే ఈ మూడింటిలో ఏదో అడిగి తెలుసుకోండి, ఒక్కోదానికి చికిత్స వేరు.

ఎక్స్‌రే చూసి ఏవో డిగ్రీలు, మిల్లీమీటర్లు అంటారు. ఆ లెక్కలేంటి?

మామూలు రేడియస్ చివర బొటనవేలి వైపు నుంచి చిటికెనవేలి వైపుకి సుమారు 22 డిగ్రీలు వాలి ఉంటుంది. బొటనవేలి వైపు కొస మిగతా అంచు కన్నా 11, 12 మిల్లీమీటర్లు ముందుకుంటుంది. పక్కనుంచి చూస్తే కీలు అంచు అరచేతి వైపు సుమారు 11 డిగ్రీలు వంగి ఉంటుంది. విరిగినప్పుడు ఈ మూడూ పోతాయి. 3 మిల్లీమీటర్ల లోపు పొట్టితనం, వెనక వైపు వాలు 10 డిగ్రీల లోపు, కీలు నునుపులో మెట్టు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే సాధారణంగా ఒప్పుకుంటారు. పనిచేసే వయసువాళ్లకి ఇంకా తక్కువే ఒప్పుకుంటారు.

పొట్టితనం మీద అంత పట్టుదల ఎందుకంటే: మామూలుగా మణికట్టు మీద పడే బరువులో దాదాపు 80 శాతం రేడియస్, మిగతా 20 శాతం పక్కనున్న అల్నా మోస్తాయి. రేడియస్‌తో పోలిస్తే అల్నా పొడవు కేవలం 2.5 మిల్లీమీటర్లు పెరిగితే అల్నా వాటా 40 శాతం దాటుతుంది. నాలుగు నెలల తర్వాత నీళ్ల బకెట్ ఎత్తినప్పుడు చిటికెనవేలి వైపు పొడిచినట్టు నొప్పి రావడానికి ఈ రెండున్నర మిల్లీమీటర్లు చాలు.

పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా?

కదలని, పక్కకి జరగని చీలికైతే ఏ కట్టు కట్టినా ఎముక అతుకుతుంది, కాబట్టి కట్టుకి మంచి పేరు వస్తుంది. ముక్క జరిగినప్పుడు కథ వేరు. ఎక్స్‌రే లేకుండా లాగితే పొడవు వచ్చిందా, వంపు వచ్చిందా, కీలులో మెట్టు మిగిలిందా తెలిసే దారి లేదు. ఇంకో ప్రమాదం బిగువు. వాపు మొదటి 48 గంటలు పెరుగుతూనే ఉంటుంది. వెదురు బద్దలతో చుట్టూ బిగించిన కట్టు లోపల ఆ వాపుకి చోటుండదు. ఇప్పటికే కట్టించుకుని ఉంటే, వేళ్లు తెల్లబడినా, నీలంగా మారినా, వేళ్లు చాపితే భరించలేని నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. కట్టు కత్తిరించి, వెంటనే క్యాజువాల్టీకి తీసుకెళ్లండి.

## లాగేటప్పుడు

ఎంత బరువుతో, ఎంతసేపు, ఎలా లాగాలి?

ముందు గాజులు, ఉంగరాలు. మట్టి గాజులు పగలగొట్టి తీయొచ్చు. ఉంగరం సబ్బు నురగతో రాకపోతే దారం చుట్టి తీయండి, అదీ కాకపోతే కట్టర్‌తో కోసేయండి. ‘పెళ్లినాటి ఉంగరం, ఉండనివ్వండి’ అంటే ఒప్పుకోవద్దు. రెండు గంటల తర్వాత ఆ ఉంగరమే వేలికి ఉరి అవుతుంది.

తర్వాత మత్తు. చర్మాన్ని బెటాడిన్‌తో శుభ్రం చేసి, వెనక వైపు నుంచి విరిగిన సందులోకి సూది పోనివ్వాలి. సిరంజిలోకి నల్లటి రక్తం వస్తే సరైన చోటుకి చేరినట్టే. 1 శాతం లిగ్నోకెయిన్ 10 ఎంఎల్ ఎక్కించి, పది నిమిషాలు నిజంగా ఆగాలి. గడియారం చూసి ఆగండి. చాలామంది మూడో నిమిషంలోనే మొదలుపెట్టి, రోగి కండలు బిగబట్టాక బలం సరిపోవట్లేదని ఇంకా గట్టిగా గుంజుతారు.

రోగిని పడుకోబెట్టి, భుజం పక్కకి చాపి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, ముంజెయ్యి నిటారుగా పైకి ఉంచాలి. మోచెయ్యి వంచితే, ముక్కని మోచేతి వైపు లాగుతున్న బ్రాకియోరేడియాలిస్ కండ వదులవుతుంది. చూపుడు వేలు, మధ్య వేలు, బొటనవేలికి ఫింగర్ ట్రాప్‌లు (వేలిని పట్టి ఉంచే అల్లిక గొట్టాలు) తొడిగి సెలైన్ స్టాండుకి కట్టండి. బొటనవేలికి తొడిగినది బొటనవేలి వైపు కొసని పైకి తెస్తుంది, దాన్ని మాత్రం మరవొద్దు. మోచేతికి కాస్త పైన, పై చేతి మీదుగా నాలుగు అంగుళాల వెడల్పు పట్టీ వేసి, కింద దూది మందంగా పరిచి, 3 నుంచి 5 కిలోలు వేలాడదీయాలి. తూనిక బరువులు దొరక్కపోతే అర లీటరు సెలైన్ బాటిల్ దాదాపు అర కిలో ఉంటుంది. ఎనిమిది కలిపి కడితే నాలుగు కిలోలు. పట్టీ మోచేతి మడతలోకి జారకూడదు, అక్కడ రక్తనాళం నలుగుతుంది. అయిదు నుంచి పది నిమిషాలు అలా ఉంచి, మధ్యలో గోళ్లు నొక్కి రంగు తిరిగి వస్తోందో చూస్తుండాలి.

పెద్ద వయసువాళ్లకీ, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకీ వేళ్ల చర్మం కాగితంలా ఉంటుంది. ట్రాప్ కింద గాజుగుడ్డ చుట్టకపోతే చర్మం ఊడి వస్తుంది.

పది నిమిషాలు వేలాడదీయడం ఎందుకు? ఒక్క గుంజుడుతో అయిపోదా?

లిగమెంటు స్ప్రింగు లాంటిది కాదు. లోపలి పీచులు మామూలప్పుడు చీర కుచ్చిళ్లలా మడతలు పడి ఉంటాయి. మొదట కొద్ది బలానికే ఆ మడతలు విడతాయి. మడతలన్నీ విడిపోయాక బట్ట ఎదురుతిరిగినట్టు పీచు ఎదురు తిరుగుతుంది, అప్పుడే బలం ఎముకకి చేరడం మొదలవుతుంది. ఇది మొదటి గుణం.

రెండోది కాలంతో సాగడం. నులక మంచం మీద రోజూ అదే మనిషి పడుకున్నా నులక కొంచెం కొంచెంగా కుంగుతుంది కదా, లిగమెంటూ అంతే. ఒకే బరువు మోస్తూ నిమిషాల మీద నెమ్మదిగా పొడవవుతుంది. ఒక్కసారిగా గుంజితే అదే లిగమెంటు బిర్రుగా గట్టిపడుతుంది, కండలు కూడా ప్రతిఘటిస్తాయి. నాలుగు కిలోలు పది నిమిషాల్లో చేసే పనిని ఇరవై కిలోల గుంజుడు చెయ్యలేకపోవడానికి కారణం ఇదే. ఈ నిమిషాల్లో కండ కూడా అలిసి వదులవుతుంది.

అంత బరువు వేలాడదీస్తే లిగమెంట్లు తెగిపోవా?

అయిదు కిలోలంటే సుమారు 50 న్యూటన్లు. మణికట్టులోని చిన్న ఎముకలైన స్కాఫాయిడ్, లూనేట్‌లని కలిపే లిగమెంటులో గట్టిదైన వెనక భాగం తెగడానికి ప్రయోగశాలలో సుమారు 260 న్యూటన్లు పట్టింది. లూనేట్‌కీ దాని పక్క ఎముక ట్రైక్వెట్రమ్‌కీ మధ్య ఉన్న లిగమెంటులో అరచేతి వైపు భాగానికి సుమారు 300. పైగా మన లాగుడు ఒక్క లిగమెంటు మీదే పడదు, పదింటి మధ్య పంచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న లిగమెంటుని ఈ బరువు తెంచదు. పడినప్పుడే సగం చిరిగి ఉన్నదాన్ని మాత్రం బయటపెడుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో పట్టీలు ముందే బలహీనంగా ఉంటాయి కాబట్టి బరువు తగ్గించి, ఎక్స్‌రేలో సందులు చూస్తూ లాగాలి.

పొడవు వచ్చింది, వంపు మాత్రం రాలేదు. ఇంకా గట్టిగా లాగాలా?

వద్దు. హౌస్‌సర్జన్లు చేసే పొరపాట్లలో మేం అన్నిటికన్నా ఎక్కువసార్లు సరిదిద్దేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

మణికట్టుకి అరచేతి వైపు లిగమెంట్లు మందంగా, పొట్టిగా, దాదాపు నిలువుగా ఉంటాయి. వెనక వైపువి పలచగా, ఏటవాలుగా, చిటికెనవేలి దిక్కుగా సాగి ఉంటాయి. ఒక పొట్టి నిలువు తాడునీ ఒక పొడవాటి ఏటవాలు తాడునీ ఒకే కొయ్యకి కట్టి లాగి చూడండి. పొట్టిది ముందు బిగుస్తుంది. అది బిగిశాక కొయ్య ఇక కదలదు, ఏటవాలు తాడు వదులుగానే ఉండిపోతుంది. మణికట్టులో జరిగేది సరిగ్గా అదే. అరచేతి వైపు అంచు వేళ్ల దిక్కుగా వస్తుంది, వెనక అంచు రావలసినంత రాదు. పొడవు వస్తుంది, బొటనవేలి వైపు వాలు వస్తుంది, అరచేతి వైపు వంపు సున్నా దగ్గర ఆగిపోతుంది లేదా ఇంకా వెనక్కే ఉంటుంది. నిలువు లాగుడు ఎంత పెంచినా అరచేతి వైపు తాడే మరింత బిగుస్తుంది. వంపు రాదు, వేళ్లు బిగుసుకుపోవడం మాత్రం మొదలవుతుంది.

వంపు రావాలంటే బలం దిశ మార్చాలి. లాగుడు అలాగే ఉంచి, రెండు బొటనవేళ్లు విరిగిన ముక్క వెనక వైపు పెట్టి, ముందుకీ అరచేతి వైపుకీ నెట్టాలి. ముక్క అంచు పై ఎముకలో చిక్కుకుని ఉంటే ముందు కాస్త వెనక్కి వంచి, చిక్కు విడదీసి, తర్వాత నెట్టాలి. ఇక్కడ హస్తాన్ని వంచడం వేరు, హస్తాన్ని మొత్తంగా అరచేతి వైపు జరపడం వేరు. బల్ల మీది పుస్తకాన్ని ఎత్తకుండా అంచు వైపు తోసినట్టు జరిపితే, మధ్యలోని క్యాపిటేట్ ఎముక లూనేట్‌ని నెడుతుంది, లూనేట్ విరిగిన ముక్కని అరచేతి వైపు వాలుస్తుంది. అమెరికన్ సర్జన్ జాన్ ఏజీ చేతి బయట పిన్నులతో బిగించే తన ఫ్రేమ్‌ని ఈ సూత్రం మీదే తయారుచేశాడు. ఆపరేషన్ థియేటర్లో అయితే విరిగిన సందులోకి వెనక నుంచి ఒక వైరు దూర్చి, మీటలా ఎత్తి, అవతలి గోడలోకి దించడం ఇంకా తేలిక. దీన్ని కపాంజీ పద్ధతి అంటారు.

ఎంత లాగినా కీలు మధ్య ముక్క కిందే ఉండిపోయింది. ఎందుకు?

ఆ ముక్కకి ఏ లిగమెంటూ అంటుకుని లేదు కాబట్టి. పడినప్పుడు లూనేట్ ఎముక సుత్తిలా దిగి, రేడియస్ కీలు నడిమి భాగాన్ని మెత్తటి ఎముకలోకి తొక్కేస్తుంది. దాన్ని డై పంచ్ ముక్క అంటారు. చుట్టూ అంచులు పైకి వస్తాయి, నడుమ గుంట మిగులుతుంది. చిన్న కోత ద్వారా కింద నుంచి ఎత్తి, ఖాళీలో బోన్ గ్రాఫ్ట్ (వేరే చోటి నుంచి తెచ్చిన ఎముక) నింపి, వైరుతో ఆపాలి.

అరచేతి వైపు లోపలి మూల ముక్క ఇంకో సమస్య. దానికి పొట్టి లిగమెంటు ఉంది, కానీ లాగినప్పుడు ఆ లిగమెంటు ముక్కని గుండ్రంగా తిప్పేస్తుంది. 1838లో ఫిలడెల్ఫియాకి చెందిన బార్టన్ వర్ణించిన, అంచు చెక్కలా జారే విరుపు కూడా లాగుడుకి నిలవదు. హస్తమంతా ఆ ముక్కతో పాటే జారిపోతుంది. ఈ రెండిటికీ అరచేతి వైపు నుంచి ప్లేటు ఆసరా కావాలి. ఇలాంటివి ప్లాస్టర్ రూములో రెండోసారి, మూడోసారి లాగి రోగిని హింసించవద్దు. సీటీ స్కాన్ తీయించి ఆపరేషన్ గురించి మాట్లాడండి.

లాగి ఉంచే మళ్లీ ఎక్స్‌రే ఎందుకు తీస్తారు?

మామూలు ఎక్స్‌రేలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. లాగి తీస్తే ఏ ముక్క లిగమెంటుతో పాటు వచ్చింది, ఏది రాలేదు విడివిడిగా కనిపిస్తుంది. స్కాఫాయిడ్, లూనేట్ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటినా, చిన్న ఎముకల అంచుల్ని కలుపుతూ గీసే వంపు గీతలు తెగినా ఎముకతో పాటు లిగమెంటూ చిరిగిందని అనుమానించాలి.

మణికట్టుని బాగా కిందికి వంచి కట్టు వేస్తే ముక్క జారదు కదా?

జారకపోవచ్చు, కానీ మణికట్టు మధ్యగా అరచేతిలోకి పోయే మీడియన్ నరం దెబ్బతింటుంది. కాలిస్ ఫ్రాక్చర్ అయిన చేతుల్లో కొలిస్తే, మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు ఆ నరం పోయే సొరంగం, అంటే కార్పల్ టన్నెల్ లోపలి ఒత్తిడి సగటున 18 ఎంఎం మెర్క్యురీ. 40 డిగ్రీలు కిందికి వంచితే అది 47. నరానికి రక్తం అందడం కష్టమయ్యే స్థాయి అది. పాతకాలంలో పూర్తిగా వంచి, చిటికెనవేలి వైపు తిప్పి కట్టే కాటన్ లోడర్ పద్ధతిని వదిలేసింది ఇందుకే. 10 నుంచి 20 డిగ్రీల లోపు వంచి, ముక్కని నిలిపే పని మూడుచోట్ల నొక్కి మలిచిన పిండికట్టుకి అప్పగించాలి: ముక్క వెనక ఒకచోట, విరిగిన చోటుకి పైన అరచేతి వైపు ఒకచోట, మోచేతి దగ్గర వెనక వైపు ఒకచోట. అంతకన్నా ఎక్కువ వంచితే తప్ప నిలవని ఎముకకి పిండికట్టు సరైన చికిత్స కాదు.

## కట్టు, ఫ్రేమ్ ఉన్న వారాల్లో

మొదటి రోజు ఎక్స్‌రే బాగుంది, వారానికి మళ్లీ జారిందన్నారు. డాక్టరు సరిగా కట్టలేదా?

చాలాసార్లు తప్పు కట్టుది కాదు. పిండికట్టు ముక్కని పక్కలకి పోకుండా ఆపగలదు, నిలువునా లాగి పట్టుకోలేదు. ట్రాప్‌లు తీసిన క్షణం నుంచి లిగమెంట్ల బిగువు తగ్గుతుంది, కండలు మళ్లీ మోచేతి వైపు లాగడం మొదలుపెడతాయి. వెనక వైపు ఎముక పిండి పిండి అయి ఉంటే అక్కడ ఖాళీ తప్ప ఆసరా లేదు, ముక్క ఆ ఖాళీలోకే కూలుతుంది. మొదటి ఎక్స్‌రేలో 20 డిగ్రీలకి మించి వెనక్కి వాలడం, వెనక గోడ నుజ్జవడం, కీలులోకి చీలిక పోవడం, అల్నా కూడా విరగడం, 60 ఏళ్లు దాటిన వయసు: వీటిలో మూడు ఉంటే జారే అవకాశం బాగా ఎక్కువని ముందే చెప్పాలి. అందుకే ఏడో రోజు, పద్నాలుగో రోజు ఎక్స్‌రేలు. ‘నొప్పి లేదు కదా’ అని వాటిని మానుకోవద్దు. మూడు వారాలు దాటితే జారిన ముక్క అక్కడే అతుక్కోవడం మొదలవుతుంది, ఉత్త చేత్తో కదలదు.

బయట రాడ్లతో ఫ్రేమ్ ఎవరికి వేస్తారు? ప్లేటు కన్నా తక్కువ రకం వైద్యమా?

కాదు. ఎముక చాలా ముక్కలైనప్పుడు, చర్మం చీలి గాయం మురికైనప్పుడు, వాపు వల్ల కోత పెట్టలేనప్పుడు ఫ్రేమే సరైనది. రేడియస్‌లో రెండు పిన్నులు, చూపుడు వేలి కింద అరచేతి ఎముకలో రెండు పిన్నులు వేసి, మధ్యలో రాడ్డుతో దూరాన్ని బిగిస్తారు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది జెస్. ముంబైకి చెందిన డాక్టర్ బి.బి. జోషి రూపొందించిన తేలికపాటి వ్యవస్థ అది, ఖర్చు తక్కువ. మామూలుగా ఆరు వారాలు ఉంచుతారు.

ఫ్రేము పొడవుని పట్టుకుంటుంది, బలాన్ని కాదు. బిగించిన రోజున్న బిగువు లిగమెంటు సాగేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే ఒక్క ఫ్రేము మీద భారం వేయకుండా, ముక్కల గుండా రెండు మూడు 1.5 లేదా 1.6 మిల్లీమీటర్ల కే వైర్లు (ఎముకలోకి దించే సన్నటి స్టీలు తీగలు) కూడా వేయడం మంచిదని మా అభిప్రాయం. ముక్కల్ని వైర్లు పట్టుకుంటే ఫ్రేముని వదులుగా ఉంచవచ్చు, వేళ్లు బతుకుతాయి.

పిన్నులు వేసేటప్పుడు ఏం దెబ్బతింటుంది?

రేడియస్ పిన్నులు వేసే చోటికి దగ్గరలోనే, బొటనవేలి వైపు ఎముక కొసకి 8, 9 సెంటీమీటర్ల పైన, స్పర్శ నరం ఒకటి లోపలి నుంచి చర్మం కిందికి వస్తుంది. చర్మం మీద నుంచి గుడ్డిగా డ్రిల్ చేస్తే దాన్ని చుట్టేస్తుంది. నెలల తరబడి బొటనవేలి వెనక మంట. చిన్న కోత పెట్టి, ఎముక కళ్లకి కనిపించాక, గొట్టం పెట్టి డ్రిల్ చేయండి. అరచేతి ఎముకలో వేసేటప్పుడు చూపుడు వేలుని పిడికిలి కీలు దగ్గర వంచి ఉంచండి. చాపి వేస్తే అక్కడి కండని పిన్ను మేకులా బిగించేస్తుంది, తర్వాత వేలు వంగదు.

ఫ్రేమ్ మరీ ఎక్కువ లాగి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

థియేటర్లోనే, రోగి ఇంకా మత్తులో ఉండగానే, నాలుగు వేళ్లూ మీ చేత్తో ముడిచి అరచేతికి తాకించి చూడండి. తాకాలి. చూపుడు వేలు మీద ఎక్కువ దృష్టి పెట్టండి. అది స్ప్రింగులా వెనక్కి లేస్తోందంటే చాపే టెండన్లు తీగల్లా బిగుసుకున్నాయని అర్థం. మణికట్టు పొడవు పెరిగితే దాని మీదుగా పోయే టెండన్లకీ ఎక్కువ పొడవు కావాలి, అది వాటికి లేదు. రాడ్డు ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి మళ్లీ చూడండి.

ఎక్స్‌రేలో రేడియస్‌కీ మొదటి వరస ఎముకలకీ మధ్య సందుని, రెండు వరసల మధ్య సందుతో పోల్చండి. మొదటిది రెండోదాని కన్నా 1 మిల్లీమీటరుకి మించి వెడల్పుగా ఉంటే లాగుడు ఎక్కువైనట్టే. కార్పల్ ఎత్తుని, అంటే మణికట్టు చిన్న ఎముకల రెండు వరసల మొత్తం ఎత్తుని, మధ్య వేలి అరచేతి ఎముక పొడవుతో భాగిస్తే మామూలుగా 0.54 దరిదాపుల్లో వస్తుంది. అది బాగా పెరిగినా అదే అర్థం. ఎక్కువ లాగుడు ఎక్కువ వారాలు ఉంటే ఎముక చక్కగా అతికి, పిడికిలి పట్టని చెయ్యి మిగులుతుంది. ఎక్స్‌రే చూసి సంతోషపడే ముందు వేళ్లు చూడాలి.

కట్టు కట్టినంక వేళ్లు వాస్తున్నయి, తిమ్మిరి కూడా ఉంది. మామూలేనా?

కొద్దిగా వాపు మామూలే. గుండె కన్నా ఎత్తులో చెయ్యి పెట్టి, వేళ్లు కదుపుతుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. తిమ్మిరి మాత్రం మామూలని వదలొద్దు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేళ్లలో తిమ్మిరి గంట గంటకీ పెరుగుతుంటే మీడియన్ నరం నలుగుతోంది. ముందు కట్టుని దూదితో సహా చర్మం కనిపించేదాకా చీల్చాలి, ఫ్రేమ్ అయితే వదులు చేయాలి. అయినా తగ్గకపోతే ఆ రోజే నరానికి చోటిచ్చే ఆపరేషన్ అవసరం కావచ్చు. అర్ధరాత్రి అయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఫ్రేమ్ ఉండగా వేళ్లు కదపొచ్చా? ఎముక జారదా?

జారదు, కదపాలి. మొదటి రోజు నుంచే. పూర్తిగా పిడికిలి, పూర్తిగా చాపడం, వేళ్ల మొదటి కీళ్లు చాపి పై కీళ్లు మాత్రమే ముడవడం, బొటనవేలిని చిటికెన వేలికి తాకించడం. ఒక్కోటి పదిసార్లు, మెలకువగా ఉన్న ప్రతి గంటకి ఒకసారి. మోచెయ్యి, భుజం కూడా తిప్పండి. స్లింగులో రోజంతా చెయ్యి దాచుకున్నవాళ్లకి ఆరు వారాల తర్వాత భుజం కూడా పట్టేస్తుంది. రెండో చేత్తో వేళ్లని ముడిచినా నష్టం లేదు. అన్నం కలపడానికి ఇబ్బందైనా, గ్లాసు పట్టుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటి తేలిక పనులు చేయవచ్చు. బరువులు ఎత్తొద్దు.

పిన్నుల శుభ్రం, స్నానం, ప్రయాణం సంగతి?

మరిగించి చల్లార్చిన నీళ్లలో కానీ సెలైన్‌లో కానీ ముంచిన గాజుగుడ్డతో పిన్ను చుట్టూ తుడిచి, పొడిగా ఉంచండి. పసుపు, కొబ్బరినూనె వద్దు. పిన్ను దగ్గర ఎర్రగా, వేడిగా మారినా, చీము వచ్చినా, పిన్ను కదిలినా వెంటనే చూపించండి. స్నానానికి ప్లాస్టిక్ కవరు తొడిగి పైన టేపు వేయండి. ఎండాకాలంలో చెమట లోపలికి దిగి దురద పెడితే కట్టులోకి స్కేలు, సూది దూర్చకండి, అక్కడ పుండు పడితే బయటికి తెలియదు. సిటీ బస్సులో రద్దీ వేళ వద్దు; ఫ్రేము ఎవరి సంచికైనా తగులుకుంటే పిన్ను వంగుతుంది. బండి నడపడం అసలే వద్దు.

## తీసేశాక

ఫ్రేమ్ తీశారు, మణికట్టు కర్రలా ఉంది. వస్తుందా?

ఎక్కువమందికి వస్తుంది, నెలలు పడుతుంది. వేళ్లు బాగా కదులుతున్నవాళ్లకి మణికట్టు త్వరగా వస్తుంది. పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెట్టి, తర్వాత నెమ్మదిగా వంచి ముప్పై సెకన్లు ఆపండి. లిగమెంటు నెమ్మదిగా సాగుతుంది, కుదుపుకి ఎదురు తిరుగుతుంది. నూనె రాసి గట్టిగా గుంజే మర్దన వల్ల వాపు పెరిగి మళ్లీ బిగుస్తుంది. చర్మం మెరుస్తూ, రంగు మారి, ముట్టుకుంటేనే మంట పుడుతుంటే అది సీఆర్‌పీఎస్ అనే, గాయం తర్వాత నొప్పి తగ్గకుండా పెరిగే జబ్బు కావచ్చు. దానికి తొందరగా చికిత్స మొదలుపెట్టాలి.

ఎముక అతికింది, కానీ బొటనవేలు పైకి లేవట్లేదు. ఏమైంది?

బొటనవేలిని ఎత్తే టెండన్ రేడియస్ వెనక ఒక చిన్న బుడిపె చుట్టూ మలుపు తిరుగుతుంది. అక్కడ గరుకైన ఎముక మీద ఒరిసి, రక్తం అందక తెగిపోతుంది. పెద్దగా జరగని చిన్న విరుపుల్లోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది, ఎక్కువగా మూడో వారం నుంచి ఎనిమిదో వారం లోపు. అరచెయ్యి బల్ల మీద బోర్లించి బొటనవేలు ఒక్కటే ఎత్తి చూడండి. లేవకపోతే వ్యాయామంతో రాదు. చూపుడు వేలికున్న రెండు చాపే టెండన్లలో ఒకదాన్ని దీనికి మార్చి కుడతారు, ఫలితం బాగుంటుంది.

చెయ్యి ఊని లేస్తే మణికట్టు మధ్యలో నొప్పి, టక్‌మని శబ్దం. అప్పుడు లాగడం వల్లేనా?

లాగడం వల్ల కన్నా, పడినప్పుడే చిరిగిన స్కాఫాయిడ్ లూనేట్ లిగమెంటు వల్ల అయ్యే అవకాశం ఎక్కువ. విరిగిన ఎముక నొప్పిలో అది కనిపించకుండా పోతుంది. పిడికిలి బిగించి ఎక్స్‌రే తీయించండి. పక్క ఎక్స్‌రేలో ఆ రెండు ఎముకల మధ్య కోణం మామూలుగా 30 నుంచి 60 డిగ్రీలు. 70 దాటితే ఎముకలు పక్కకి తిరిగినట్టే. మొదటి కొన్ని వారాల్లో దొరికితే కుట్టవచ్చు. ఆలస్యమైతే వేరే టెండన్‌తో కట్టాల్సి వస్తుంది.

మా అమ్మకి 72 ఏళ్లు. వంకరగా అతికింది. మళ్లీ విరిచి సరిచేయించాలా?

ఎక్స్‌రేని పక్కన పెట్టి అమ్మని అడగండి. జడ వేసుకోగలుగుతోందా, అన్నం కలుపుకోగలుగుతోందా, టెంకాయ పట్టుకుని కొట్టగలుగుతోందా? ఇవన్నీ నొప్పి లేకుండా చేస్తుంటే, ఆ వయసులో కాస్త వంకర ఉన్నా ఆపరేషన్ అవసరం సాధారణంగా ఉండదు. చిటికెనవేలి వైపు నొప్పితో అరచెయ్యి తిప్పలేకపోతే అల్నాని పొట్టి చేసే చిన్న ఆపరేషన్ సరిపోవచ్చు. అంతకన్నా ముందు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించండి. ఆ వయసులో నిలుచున్న ఎత్తు నుంచి పడి మణికట్టు విరిగిందంటే ఎముక పలచబడి ఉండొచ్చు, తర్వాత విరిగేది తుంటి కావచ్చు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఒక స్టీలు రాడ్డు, కింద జారని మ్యాట్ ఈ వారమే పెట్టించండి.